ఫుకెట్‌లో ఆ మూడు మ్యాచ్‌లు: వియత్నాం అమ్మాయిల తొలి ప్రపంచ వాలీబాల్ పోటీలు చూసి వచ్చిన నా అనుభవం

2025 ప్రపంచ మహిళల వాలీబాల్ పోటీలకు 2024 డిసెంబరులో డ్రా తీసిన మర్నాడు, హో చి మిన్ నగరంలోని మా ఆఫీసులో భోజనాల వేళ వేరే మాట లేదు. పోలండ్, జర్మనీ, కెన్యా, వియత్నాం ఒకే గ్రూపులో పడ్డాయి. వియత్నాం మహిళల జట్టుకు ఈ పోటీల్లో చోటు దక్కడం ఇదే మొదటిసారి. అదీ ఎవరి దయా కాదు, ర్యాంకింగ్ మీద సంపాదించుకున్న చోటు. ఆతిథ్యం పక్కనే ఉన్న థాయ్‌లాండ్‌ది కావడంతో, "ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడు వెళ్తాం" అని మా టీమ్‌లో అందరికంటే పెద్దదైన అక్క ఆ రోజే తేల్చేసింది. తర్వాత మన గ్రూపు మ్యాచ్‌లు ఫుకెట్‌లో అని తెలిసింది. "మన గ్రూపు" అని రాస్తున్నాను చూశారా, భారత పాస్‌పోర్టు పట్టుకుని ఈ ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న నాకు అప్పటికే ఆ జట్టు మనదైపోయింది.

నేను పశ్చిమ గోదావరి జిల్లా అమ్మాయిని. కాలేజీ జట్టులో సెట్టర్‌గా, అంటే స్మాష్ కొట్టేవాళ్ళకు బంతిని లేపి అందించే అమ్మాయిగా ఆడేదాన్ని. మట్టి కోర్టులో, సున్నంతో గీసిన గీతల మధ్య ఆడిన ఆట అది. ఉద్యోగం కోసం వియత్నాం వచ్చాక, ఇక్కడ టీవీలో అమ్మాయిల వాలీబాల్‌కు దక్కే ఆదరణ చూసి మొదట నమ్మలేకపోయాను. టీవీ సంస్థ పేరు మీదే 2004 నుంచి వీటీవీ కప్ అనే అంతర్జాతీయ మహిళల టోర్నమెంటు నడుస్తున్న దేశం ఇది. టీ కొట్లలో మగవాళ్ళు సైతం ఏ అమ్మాయి ఏ క్లబ్బుకు మారిందో చెప్పుకుంటారు. అందుకే అక్క, ఆఫీసులోని మరో స్నేహితురాలు, నేను ముగ్గురం కలిసి వెళ్దామన్నప్పుడు నన్ను ఒప్పించాల్సిన పని వాళ్ళకు పడలేదు.

2025 జూన్‌లో హనోయిలో జరిగిన ఆసియా వాలీబాల్ సమాఖ్య (ఏవీసీ) నేషన్స్ కప్ ఫైనల్లో వియత్నాం ఫిలిప్పీన్స్‌ను 3-0తో ఓడించింది. ఆ స్థాయి పోటీలో వరుసగా మూడో ఏడాది టైటిల్. ఆ రాత్రి మా గ్రూప్ చాట్‌లో ఒక్కటే సందేశం వచ్చింది: "విమానం టికెట్లు చూస్తున్నాను." నిజానికి ఆ రోజే కొనేసి ఉంటే బాగుండేదేమో గాని, ఆఫీసులో సెలవు మంజూరయ్యేసరికి జూలై సగం గడిచింది. ముగ్గురం ఒకేసారి ఒకే విభాగం నుంచి వెళ్తామంటే ఎవరు ఊరుకుంటారు? చివరికి ఇద్దరం ల్యాప్‌టాప్‌లు వెంట తీసుకెళ్ళి పొద్దున పూట పని చేస్తామని మాట ఇచ్చాకే సంతకం పడింది. హో చి మిన్ నగరం నుంచి ఫుకెట్‌కు నేరుగా విమానం ఉంది, ప్రయాణం రెండు గంటల లోపే. రానూపోనూ ఒక్కొక్కరికి 40 లక్షల డాంగులు దాటింది, అంటే మన లెక్కలో 13 వేల రూపాయల పైమాటే. గదిని ముగ్గురం పంచుకున్నాం, రాత్రికి 1,200 బాత్‌లు. ఆట టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. మొత్తం ఖర్చులో అన్నిటికంటే తక్కువైనది అదే. ఎవరైనా ఇలాంటి పోటీలకు వెళ్ళాలనుకుంటే ముందుగా భయపడాల్సింది టికెట్ ధరకు కాదు, విమానానికీ గదికీ.

వెళ్ళే ముందు ఆగస్టు నెల మమ్మల్ని ఊపేసింది. 10వ తేదీన ఉత్తర వియత్నాంలోని నిన్ బిన్‌లో, ఆగ్నేయాసియా జట్ల సీ వి లీగ్ మ్యాచ్‌లో వియత్నాం థాయ్‌లాండ్‌ను 3-2తో ఓడించింది. ఎన్నో ఏళ్ళుగా ఆగ్నేయాసియాలో థాయ్ అమ్మాయిల ముందు తలవంచుతూ వచ్చిన జట్టు అది. ఆ రాత్రి మా వీధిలో ఫుట్‌బాల్ గెలిచినప్పటిలా బైకుల హారన్లు వినిపించాయి. కొద్ది రోజులకే మరో వార్త వచ్చింది: జట్టుకు ప్రధాన స్మాషర్ అయిన న్గుయెన్ థి బిక్ తుయెన్ వ్యక్తిగత కారణాలతో ప్రపంచ పోటీల నుంచి తప్పుకుంటోందని. అక్క ఆ వార్త చదివి ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. ఎదుటి జట్టు సర్వీసు గట్టిగా ఉండి, దాన్ని అందుకుని సెట్టర్‌కు పంపే మనవైపు మొదటి పాస్ చెదిరిపోయినప్పుడు, సెట్టర్ బంతిని ఎత్తుగా లేపి కుడివైపు వదిలేస్తే, దాన్ని ఎలాగోలా పాయింటు చేసిపెట్టే అమ్మాయి ఆమె. ఆమె లేకపోతే ఆ బంతులన్నీ ఎవరు కొట్టాలన్న ప్రశ్న ఆ రోజు నుంచి నా తలలో తిరుగుతూనే ఉంది. ఫుకెట్‌లో మూడు మ్యాచ్‌లూ నేను ఆ ప్రశ్నతోనే చూశాను.

ప్రయాణపు కాగితాల గురించి నాలుగు మాటలు చెప్పాలి. 2025లో మేము వెళ్ళినప్పుడు భారతీయులకు థాయ్‌లాండ్ వీసా అవసరం లేకపోయినా, ఆ ఏడాది మే 1 నుంచి విదేశీయులందరూ ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం. అయితే వెతికితే డబ్బు అడిగే సైట్లు కూడా ముందు వరుసలో కనిపిస్తాయి కాబట్టి, థాయ్ ఇమిగ్రేషన్ వారి అసలు సైటేనా అని చూసుకుని నింపండి. హో చి మిన్ విమానాశ్రయంలో నా వియత్నాం స్నేహితురాళ్ళిద్దరూ చకచకా దాటిపోయారు. నా పాస్‌పోర్టు చూసిన అమ్మాయి మాత్రం తిరుగు టికెట్టూ హోటల్ బుకింగూ అడిగి, మళ్ళీ వియత్నాంలోకి రావడానికి నా దగ్గర నివాస కార్డు ఉందో లేదో చూసి, పై అధికారికి ఫోన్ చేసి, పావుగంట తర్వాత గాని బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు. ఫుకెట్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరుసలో దాదాపు గంట నిలబడ్డాం. వరుసలో మా ముందున్నవారిలో సగం మందికి ఒంటి మీద పసుపు నక్షత్రమున్న ఎర్ర చొక్కాలే. సెప్టెంబరు 2న వియత్నాం 80వ జాతీయ దినం కావడంతో ఆగస్టు నెలంతా సైగాన్ (హో చి మిన్ నగరం పాత పేరు) వీధుల్లో ఆ చొక్కాలు గుట్టలు పోసి అమ్మారు. మేమూ అక్కడే కొనుక్కున్నాం.

విమానాశ్రయం ద్వీపానికి ఉత్తరాన ఉంటుంది, ఆట జరిగే సఫాన్ హిన్ దక్షిణాన ఫుకెట్ టౌన్ అంచున, సముద్రపు ఒడ్డున. మేము వెళ్ళినప్పుడు టౌన్‌కు వెళ్ళే బస్సుకు మనిషికి 100 బాత్‌లు. బస్సు నింపాదిగా వెళ్తుంది, అయినా ట్యాక్సీవాడు చెప్పే ధర వింటే ఆ నింపాదితనం నచ్చుతుంది. వానాకాలం కావడంతో ఊరంతా తడిసి ఉంది. బీచ్ ఒడ్డున గది తీసుకుందామని మాలో ఒకరు పట్టుబట్టినా, పాతోంగ్ నుంచి రోజూ కొండ దాటి రావాలని మ్యాపులో చూసి మానుకున్నాం. మ్యాచ్‌ల కోసమే వెళ్ళేవారు టౌన్‌లోనే దిగడం మంచిది.

23వ తేదీ, శనివారం. పోలండ్‌తో మ్యాచ్ రాత్రికి. అంతకు గంటన్నర ముందే హాలుకు చేరాం. గేటు దగ్గర నీళ్ళ సీసాలు తీయించేశారు, గొడుగులు కూడా బయట పెట్టమన్నారు. లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే, వానలో తడిసిన చొక్కాతో కూర్చున్న నాకు రెండో సెట్టు అయ్యేసరికి పళ్ళు టకటకమన్నాయి. రెండో రోజు నుంచి అందరం శాలువాలు తెచ్చుకున్నాం. దూరం నుంచి చూస్తే హాలంతా మనవాళ్ళే అనిపించింది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, అందులో ఒక భాగం పోలండ్ అభిమానులని, వాళ్ళదీ ఎరుపూ తెలుపే కదా. వాళ్ళు డప్పు దరువుకు అనుగుణంగా, ఒకే గొంతుతో, ఏళ్ళ తరబడి సాధన చేసినట్టు అరుస్తారు. మావాళ్ళు "వియెత్ నామ్, కో లెన్!" (గట్టిగా ఆడండి) అని ఒక్కో మూల నుంచి ఒక్కో వేగంతో అందుకుంటారు.

జట్లు వరుసగా నిలబడినప్పుడు నా పక్కనున్న ఇద్దరూ ఒక్కసారిగా మౌనమైపోయారు. టీవీలో తెలియని తేడా అది. వియత్నాం జట్టు కెప్టెన్ త్రాన్ థి థాన్ థుయ్ 1.93 మీటర్ల మనిషి. స్వదేశంలో ఏ కోర్టు మీద నిలబడినా తల ఒక్కటి పైకి కనిపిస్తుంది. ఆమెకు ఎదురుగా పోలండ్ వైపున 2.03 మీటర్ల మాగ్దలేనా స్తిసియాక్ నిలబడింది. అప్పటికి కొద్ది వారాల ముందే ప్రపంచంలోని మేటి జట్లు ఆడే నేషన్స్ లీగ్‌లో వరుసగా మూడోసారి కాంస్యం గెలుచుకుని వచ్చిన జట్టు పోలండ్. "ఒక్క సెట్టులో 20 పాయింట్లు దాటితే చాలు, నేను తృప్తిగా ఇంటికెళ్తాను" అంది అక్క.

మొదటి సెట్టు వియత్నాం 25-23తో గెలిచింది.

ఇలా ఒక్క వాక్యంలో రాస్తే అందులో ఏమీ లేనట్టుంది గాని, ఆ సెట్టును నేను దగ్గరగా చూసిన తీరు చెప్పాలి. మా సీట్లు వియత్నాం సర్వీసు గీత వెనుక ఉన్నాయి. అక్కడి నుంచి చూస్తే బంతి ఎటు పోతోందన్నది కాదు, రిసీవ్ చేసే అమ్మాయి మోచేతులు ఏ కోణంలో ఉన్నాయన్నది కనిపిస్తుంది. మొదటి సెట్టులో ఆ చేతులు కదలలేదు. లిబెరో, అంటే వెనక వరుసలో బంతి అందుకోవడానికే ఉండే అమ్మాయి, న్గుయెన్ ఖాన్ డాంగ్ దగ్గరికి వచ్చిన సర్వీసు ఎక్కువసార్లు నెట్టు దగ్గర సెట్టర్ తల మీదికే వెళ్ళింది. బంతి అక్కడికి చేరితే సెట్టర్ దోవాన్ థి లామ్ ఒవాన్ చేతుల్లో మూడు దారులుంటాయి. మధ్యలో పొట్టి సెట్ వేయవచ్చు, ఎడమకు కెప్టెన్‌కు విసరవచ్చు, వెనక్కి తిప్పి కుడివైపు పంపవచ్చు. ఎత్తులో గెలవలేనివాళ్ళు వేగంతో గెలిచే ఆట అది. నెట్టు దగ్గర అడ్డుపడే పోలండ్ బ్లాకర్లు ఒక అడుగు ఆలస్యంగా లేచారు, మళ్ళీ మళ్ళీ అలాగే లేచారు. చివరి పాయింటు పడ్డాక నేను ఎవరిని కౌగిలించుకున్నానో నాకే తెలియదు. వెనక వరుసలో ఉన్న ఓ తాతగారు నా తలకు తన జెండా గుడ్డ కట్టేశారు.

తర్వాతి రెండు సెట్లు పోలండ్‌వి, 25-10, 25-12. పోలండ్ సర్వీసు బలం పెంచింది, అంతే. ఖాన్ డాంగ్‌ను తప్పించి పక్క అమ్మాయిల మీదికి కొట్టడం మొదలుపెట్టారు. మొదటి పాస్ నెట్టుకు మూడు, నాలుగు మీటర్ల వెనక పడసాగింది. అక్కడి నుంచి మధ్య దారి మూసుకుపోయింది. మిగిలింది ఎడమవైపు ఎత్తు బంతి ఒక్కటే. థాన్ థుయ్ లేచే చోటికి ఎదుటివాళ్ళు ముందే వెళ్ళి కాపు కాసి గోడ కట్టారు. బిక్ తుయెన్ లేని లోటు ఏమిటో టీవీ ముందు ఊహించాను గాని, అది కోర్టులో ఏ చోట ఉంటుందో ఆ రెండు సెట్లలో కళ్ళారా చూశాను. నాలుగో సెట్టులో మళ్ళీ పుంజుకుని 22 దాకా లాగారు. మొత్తం 1-3. అయినా హాలులోంచి బయటికి వస్తున్నవాళ్ళ ముఖాలు చూస్తే ఎవరు ఓడారో చెప్పడం కష్టం. యాప్‌లో కారు ధర మామూలుకు రెట్టింపు చూపించింది, పైగా ఒక్క డ్రైవరూ ఒప్పుకోలేదు. సన్నటి జల్లులో పాత ఊరి దాకా నడిచి వెళ్ళాం. దారిలో ఎదురైన పోలండ్ అభిమానులు మాకు చప్పట్లు కొట్టారు.

అక్కడే ఒక చిక్కు మొదలైందని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆ ఒక్క సెట్టు మా లెక్కలన్నీ మార్చేసింది. ఆదివారం సాయంత్రం థలాంగ్ వీధిలో నడక సంత జరుగుతుంది. పాత చైనా-పోర్చుగీసు ఇళ్ళ మధ్య కాల్చిన స్క్విడ్లూ కొబ్బరి ఐస్‌క్రీములూ అమ్ముతారు. ఆ జనంలో ఎర్ర చొక్కా కనిపించిన ప్రతి చోటా ఒకటే చర్చ. జర్మనీ మీద గెలుపు, కెన్యా మీద గెలుపు, రెండో స్థానం, నాకౌట్. ముందు రోజు వరకు 20 పాయింట్లు చాలన్న అక్క కూడా కాగితం ముక్క మీద పాయింట్లు వేసి చూసింది.

25న జర్మనీ 3-0తో గెలిచింది. ఆ మ్యాచ్ గురించి రాయడానికి ఎక్కువ లేదు. సర్వీసుతోనే తెంచేశారు. అదే రాత్రి పోలండ్ కెన్యాను ఓడించడంతో గ్రూపు నుంచి ముందుకు వెళ్ళే రెండు జట్లూ తేలిపోయాయి. 27వ తేదీన వియత్నాం, కెన్యా ఆడబోయే మ్యాచ్‌తో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. పట్టికలో విలువ లేని ఆ మ్యాచ్ కోసమే నిజానికి చాలామంది ఫుకెట్ వచ్చారు. ప్రపంచ పోటీల్లో వియత్నాం మొదటి గెలుపు అంటూ ఉంటే అది ఆ రోజే ఉండాలి. డిసెంబరులో డ్రా తీసిన నాడే అందరూ మనసులో గుర్తు పెట్టుకున్న తేదీ అది.

నాకైతే ఆ తేదీకి ఇంకో గుర్తు ఉంది. ఆ బుధవారమే వినాయక చవితి. పొద్దున్నే అమ్మ ఫోను. "ఏమ్మా, పూజ చేసుకున్నావా? చంద్రుణ్ణి చూడకే, కథ విని అక్షింతలు వేసుకో" అంది. హోటల్ గదిలో పత్రి ఎక్కడ దొరుకుతుంది? అయితే కింద రిసెప్షన్ బల్ల పక్కన చిన్న పీఠం మీద వినాయకుడున్నాడు. థాయ్ వాళ్ళు ఆయన్ని ఫ్రా ఫికనేత్ అని కొలుస్తారు. ముందు బంతిపూల దండ, ఒక అరటిపండు, గాజు గ్లాసులో ఎర్రటి కూల్‌డ్రింకు, అందులో స్ట్రా కూడా వేసి పెట్టారు. చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని, అమ్మ వీడియో కాల్‌లో కథ చదువుతుంటే అక్కడే నిలబడి విన్నాను. రిసెప్షన్ అమ్మాయి నా చేతిలో ఒక అగరొత్తి పెట్టింది. కోరుకున్నది ఏమిటని అక్క అడిగితే, మొదటి పాస్ నెట్టు దగ్గరికి రావాలని కోరుకున్నానన్నాను. ఆవిడ నవ్వలేదు, తల ఊపింది.

కెన్యా వైపు అభిమానులు గుప్పెడు మందే, అయినా వాళ్ళు కూర్చోలేదు. పాటలు, అడుగులు, ఈలలు, ఒక్క నిమిషం ఆగలేదు. మావైపు జనం మూడు రోజుల్లోకెల్లా ఎక్కువ, కాని గొంతుల్లో తేడా ఉంది. పోలండ్ మీద అరిచినప్పుడు పోయేదేమీ లేదు. ఇప్పుడు ప్రతి తప్పుకూ "అయ్యో" అన్న నిట్టూర్పు హాలంతా పాకి, అది కోర్టులోకి కూడా వినిపిస్తోంది. మొదటి రెండు సెట్లూ చివరి దాకా పోరు సాగింది. 20 దాటాక నేను నా పక్కమ్మాయి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే మర్నాటికీ ఆ గుర్తు పోలేదు. రెండుసార్లూ ఆఖరి పాయింట్లు కెన్యా అమ్మాయిలే తీసుకున్నారు. వాళ్ళ ఎగురుడు అలాంటిది. బ్లాక్ పైనుంచి కొట్టడం అంటే ఏమిటో చూపించారు. మావాళ్ళు పోలండ్ మీద ఆడిన వేగపు ఆటను మరిచిపోయినట్టు, భద్రంగా, ఎత్తు బంతులతో ఆడారు. కోచ్ న్గుయెన్ తువాన్ కియెట్ టైమవుట్లు తీసుకున్నారు, మనుషుల్ని మార్చారు. మూడో సెట్టు నాకు సరిగ్గా గుర్తు లేదు. 0-3.

పోలండ్ చేతిలో ఓడి నవ్వుకుంటూ నడిచివచ్చినవాళ్ళమే, ఆ సాయంత్రం సీట్లలోంచి లేవలేకపోయాం. నాకు జెండా గుడ్డ కట్టిన తాతగారు వెనక వరుసలో కాక ఎక్కడో దూరంగా కనిపించారు, పలకరించే ధైర్యం చేయలేదు. క్రీడాకారిణులు మా వైపు చేతులెత్తి చప్పట్లు కొడుతుంటే చాలామంది లేచి నిలబడి కొట్టారు. ఒకరిద్దరు కోపంగా ఏదో అరిచారు, పక్కవాళ్ళే వారి నోరు మూయించారు. నా అభిప్రాయం ఏమిటంటే, ఆ రోజు గెలుపు అందక పోవడానికి ఎత్తు కారణం కాదు, బిక్ తుయెన్ లేకపోవడం కూడా పూర్తి కారణం కాదు. తప్పక గెలవాలన్న బరువుతో ప్రపంచ వేదిక మీద ఆడడం ఆ అమ్మాయిలకు అదే మొదటిసారి. అక్క దీనికి ఒప్పుకోదు. రిసీవ్ మెరుగుపడకపోతే ఏ బరువూ లేకుండా ఆడినా ఇదే ఫలితమని ఆవిడ వాదన.

ఆ రాత్రి పోలండ్, జర్మనీ మ్యాచ్‌కూ కూర్చున్నాం. అయిదు సెట్ల దాకా సాగి పోలండ్ 3-2తో గెలిచింది. మనవాళ్ళు ఏ జట్టు మీద ఒక సెట్టు లాక్కున్నారో అప్పుడు బాగా అర్థమైంది. అంత ఆట చూస్తూ కూడా మా వరుసలో సగం మంది ఫోనులో పోలండ్ మీద మనవాళ్ళు గెలిచిన మొదటి సెట్టు ముక్కలే మళ్ళీ చూసుకుంటున్నారు.

ఖర్చు లెక్క తిరిగి వచ్చాక వేసుకున్నాం. విమానం, గది, తిండి, తిరుగుళ్ళు, టికెట్లు అన్నీ కలిపి ఒక్కొక్కరికి 35 వేల రూపాయలకు కాస్త అటూ ఇటూ. అందులో రాత్రి మ్యాచ్‌ల తర్వాత కార్లకు పెట్టిందే నాకు దండగ అనిపించింది. హాలు నుంచి రెండు కిలోమీటర్ల లోపు గది దొరికితే నడిచిపోవచ్చు. రాత్రి మ్యాచ్ ఉన్న రోజు హోటల్‌వారితో ముందే కారు మాట్లాడి పెట్టుకోవడం కూడా మేలు, మేము చివరి రోజు అలాగే చేశాం, సగం ధరకు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో నా కాగితాలు మళ్ళీ చూస్తున్నంతసేపూ అక్క పక్కనే నిలబడి డిసెంబరు గురించి మాట్లాడుతోంది. 2025 ఆగ్నేయాసియా క్రీడలు కూడా థాయ్‌లాండ్‌లోనే. అక్కడ ఎదురుపడేది మళ్ళీ థాయ్ అమ్మాయిలే, అదీ వాళ్ళ సొంత గడ్డ మీద. నాకు మిగిలిన నాలుగు సెలవులూ సంక్రాంతికి ఇంటికి వెళ్ళడానికి దాచుకున్నాను. అమ్మకు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.